మొహమాటం లేని పార్టీ

పెనుకొండ,
6 అక్టోబరు 2024.

గౌరవనీయులైన రాజేశ్వరి టీచరు గారికి,

దేవసహాయం నమస్కారములు.

ఫోనులో మాటలు సరిగా వినిపించడం లేదని మీరు కబురు చేశారు కనుక ఉత్తరమే రాస్తున్నాను. నాకూ ఇదే మేలు. నోటి మాటను ఎవరైనా తర్వాత కాదనవచ్చు. రాసిన మాటకు రాసినవాడు జవాబు చెప్పుకోవాలి. రాత్రిబడిలో మీరు మాకు నేర్పిన మొదటి సంగతి అది.

మీ అన్నగారు, మన అధ్యక్షులు పాండురంగయ్య గారి సంవత్సరీకం నాటికి పార్టీ చరిత్ర పుస్తకంగా రావాలని మీరు కోరారు. ఆ పని నాకు అప్పగించడం సముచితమేనని వినయంగానే అంటున్నాను. పౌర స్వేచ్ఛా పక్షం బతికిన మూడేళ్ల నాలుగు నెలలూ నేనే దాని ప్రధాన కార్యదర్శిని. అరవైముగ్గురు సభ్యులు, పదమూడుమంది కార్యవర్గం, హిందూపురంలో మీ బట్టల అంగడి మేడమీద ఒక గది: మన ఆస్తి అంతే. చాలామందికి మనం ఒక నవ్వులాట. రొద్దం బహిరంగసభకు పన్నెండుమంది వస్తే అందులో తొమ్మిదిమంది మనవాళ్లేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. దాన్ని కూడా దాచకుండా రాశాను. బుక్కపట్నం చెరువులో చేపలు పట్టేవారు తమ చేపను తమకు నచ్చినవారికి అమ్ముకోవచ్చని మనం పోరాడి సాధించిన సంగతికి ఆరు పేజీలు కేటాయించాను.

మనిషి తన బతుకును తానే నిర్ణయించుకోవాలన్నది మన సిద్ధాంతం. దండలు వద్దు, కాళ్లకు మొక్కడాలు వద్దు, సభ్యత్వ పుస్తకంలో కులం గడి వద్దు. అన్నిటికన్నా ముందు, మొహమాటం వద్దు. మన జనానికి మొదటి సంకెల మొహమాటమేనని అధ్యక్షులవారు ప్రతి సభలోనూ చెప్పేవారు.

ఐదో అధ్యాయం మీరు జాగ్రత్తగా చూడాలి. అందులో ఒక పేరా ఇలా ఉంది:

“శాసనసభ ఎన్నికకు మన ఏకైక అభ్యర్థిని ఎంపిక చేయడానికి 2014 మార్చి 9న కార్యవర్గం సమావేశమైంది. పోటీలో ఉన్న ఇద్దరూ ఓటు వేయరాదన్న నియమం ప్రకారం మిగిలిన పదకొండుమంది రహస్యంగా ఓటు వేశారు. న్యాయవాది శ్రీనాథ్‌కు ఆరు, ప్రధాన కార్యదర్శి దేవసహాయానికి ఐదు ఓట్లు వచ్చాయి. మాట తప్పి, ఒక్క ఓటుతో పార్టీ గతిని మార్చినవాడు ధర్మవరానికి చెందిన నేత కార్మికుడు మారెప్ప. పార్టీ ఆనాడే మరణించింది. తర్వాతి తొమ్మిది నెలలు శవజాగరణ మాత్రమే.”

పదేళ్లుగా ఈ వాక్యాలు నా లోపల ఉన్నాయి. వాటిని అచ్చులో చూడాలి. పుస్తకంలో ఇంకేది తగ్గించినా నాకు అభ్యంతరం లేదు.

విధేయుడు,
దేవసహాయం

*

హిందూపురం,
20 అక్టోబరు 2024.

చిరంజీవి దేవసహాయానికి,

ఆశీస్సులు. ఐదు అధ్యాయాలూ రెండేసిసార్లు చదివాను. నీ దస్తూరి ఇప్పటికీ అచ్చుగుద్దినట్లే ఉంది. నలభై ఎనిమిదేళ్ల మనిషివి, వేరుశనగ మిల్లులో పొద్దస్తమానం బిల్లులు రాసి వచ్చి, మళ్లీ కూచొని ఇంత పని చేశావంటే మా అన్నయ్య ఉంటే పొంగిపోయేవాడు.

పుస్తకాన్ని శ్రీనాథ్ చేత ఆవిష్కరింపజేద్దామనుకుంటున్నాను. ముఖం చిట్లించుకోకు. ఆ ఎన్నికలో అతనికి మూడు వందల ఓట్లు కూడా రాలేదు, నోటాకే అంతకన్నా ఎక్కువ వచ్చాయి, మరుసటి ఏడే పెద్ద పార్టీలోకి దూకాడు. అన్నీ నిజమే. కానీ ఇప్పుడు అతను పిలిస్తే జనం వస్తారు. మనం పిలిస్తే ఎవరు వస్తారో నువ్వే రాశావు కదా, రొద్దం సంగతి.

ఒక్క మాట. ఐదో అధ్యాయంలో మారెప్ప పేరు వద్దు. రహస్య ఓటు అని మనమే రాసి, ఎవరు ఎవరికి వేశారో మనమే రాయడం బాగుండదు. పైగా అతను బతికి ఉన్నాడు.

ఇంకొకటి. మన ‘ముఖాముఖి’ గురించి రెండు ముక్కలే రాసి వదిలేశావు. ఏ పార్టీకీ లేని ఆచారం అది. తొమ్మిదో నియమం, నువ్వే రాశావు: ప్రతి సమావేశం చివర ఒక సభ్యుణ్ణి నిలబెట్టి, అతని తప్పులు అతని ముఖం మీదే చెప్పడం, అతను మారు పలకకుండా వినడం. అదెలా జరిగేదో చదివేవాళ్లకు తెలియాలి.

నాగరత్నమ్మకూ, పాపకూ ఆశీస్సులు.

రాజేశ్వరి

*

పెనుకొండ,
4 నవంబరు 2024.

గౌరవనీయులైన టీచరు గారికి,

మీ మాట కాదనలేక మారెప్ప పేరు తీసి, ‘ధర్మవరానికి చెందిన ఒక సభ్యుడు’ అని మార్చాను. అయితే నాది అనుమానం మాత్రమేనని మీరు భావిస్తున్నట్లు తోచింది. కనుక సాక్ష్యం మీ ముందు పెడుతున్నాను.

ఎంపికకు ముందురోజు నేను ధర్మవరం వెళ్లి మారెప్ప ఇంట్లోనే భోజనం చేశాను. నీకే వేస్తానని అతను తన నోటితో అన్నాడు. మరునాడు మీ అన్నగారు ఫలితం చదివిన క్షణంలో నేను పదకొండు ముఖాలనూ చూశాను. పదిమంది నా వైపు చూసి తల ఊపారు. మారెప్ప ఒక్కడే తలుపు వైపు చూశాడు. టీ రాకముందే లేచి, నాతో ఒక్క మాట కూడా లేకుండా మెట్లు దిగిపోయాడు. ఆరుకూ ఐదుకూ మధ్య ఉన్నది ఒక్క మనిషి. ఆ మనిషి ఎవరో చెప్పడానికి ఇంకేం కావాలి?

ముఖాముఖి గురించి రాయమన్నారు కనుక, ఆ తర్వాతి సమావేశంలో మారెప్పకు జరిగిన ముఖాముఖినే ఉదాహరణగా రాశాను. మీరూ అక్కడే ఉన్నారు. నేను ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడాను. నా ఓటు అమ్ముకున్నావని చెప్పాను. అతను పార్టీకి వచ్చింది సిద్ధాంతం కోసం కాదు, సమావేశంలో పెట్టే ఇడ్లీల కోసమని, మిగిలినవి పొట్లం కట్టుకొని పోయేవాడని చెప్పాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని పెరిగినవాడికి తల ఎత్తడం చేతకాదని చెప్పాను. అతని భార్య సుంకమ్మ ఆరోజు ఏదో పనిమీద అతని వెంట వచ్చి తలుపు దగ్గర కూచొని ఉందని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. మొహమాటం లేకపోవడమంటే అది. మారెప్ప ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తప్పు చేయనివాడు అలా నిలబడతాడా? ఆ రోజుతో అతను రావడం మానుకున్నాడు.

ఆ ఐదు ఓట్లు నాకు ఏమిటో మీకు చెప్పాలి. మిల్లులో యజమాని కొడుకు, నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడు, నన్ను ఏకవచనంతో పిలుస్తాడు. పిలిచిన ప్రతిసారీ నేను ఆ ఐదుగురిని తలచుకుంటాను. కులం చూడక, డబ్బు చూడక, అయిదుగురు చదువుకున్న మనుషులు నన్ను ప్రజల ముందు నిలబెట్టదగినవాడని నిర్ణయించారు. నా కూతురు సింధూరకు ఆ సంగతి చెప్పే పెంచాను.

విధేయుడు,
దేవసహాయం

*

హిందూపురం,
19 నవంబరు 2024.

చి. దేవసహాయానికి,

ముఖాముఖి భాగం చదివాను. చదివాక ఆ పూట అన్నం తినలేదు.

ఆ పేరా మొత్తం తీసెయ్. పేరు లేకపోయినా ధర్మవరం నుంచి కార్యవర్గంలో ఉన్నది అతనొక్కడే, ఎవరికి తెలియదు? ‘ఎంపికలో శ్రీనాథ్ గెలిచాడు’ అని ఒక్క వాక్యం చాలు. అంకెలు కూడా వద్దు.

అన్నయ్య మంచంలో ఉన్న రోజుల్లో రెండు మూడుసార్లు అన్నాడు, “ధర్మవరం పోవాల రాజీ, మారెప్పను చూడాల” అని. కారు మాట్లాడతాను అంటే, రేపు చూద్దాంలే అనేవాడు. అలాగే పోయాడు. ఎందుకు పోవాలనుకున్నాడో నన్ను అడగకు. పాతదాన్ని తవ్వి నీకొచ్చేదేమీ లేదు. నీ మేలు కోరి చెబుతున్నాను.

రాజేశ్వరి

*

పెనుకొండ,
27 నవంబరు 2024.

రాజేశ్వరి గారికి,

మీ ఉత్తరంలో మీరు నన్ను అడగవద్దన్నదే అడుగుతున్నాను.

శ్రీనాథ్ గారు ముఖ్య అతిథి కాబోతున్నారు. ఆయన ఒక్క ఓటుతో, అదీ ఒక నమ్మకద్రోహి ఓటుతో గెలిచారని ఆయన చేతుల మీదుగా వెలువడే పుస్తకంలో ఉండటం మీకు ఇబ్బందిగా ఉంది. అందుకే మొదట పేరు వద్దన్నారు, తర్వాత అంకెలు వద్దన్నారు. పెద్దవారి ముందు చేతులు కట్టుకోవద్దని నల్లబల్ల మీద రాసి మా చేత చదివించిన టీచరు ఇవాళ ఒక నాయకుడి మనసు నొచ్చుకుంటుందని చరిత్రను చెరిపేయమంటున్నారు. మీ అన్నగారి మంచం పక్కన ఏం విన్నారో అది కూడా దాస్తున్నారు.

పార్టీ రద్దయినా తొమ్మిదో నియమం రద్దు చేస్తూ మనం తీర్మానం చేయలేదు. ఆ నియమం ప్రకారం మిమ్మల్ని నిలబెట్టి అడుగుతున్నాను. మీకు తెలిసినది మొహమాటం లేకుండా చెప్పండి. చెప్పేవరకూ మారెప్ప పేరు తిరిగి పేరాలోకి చేరినట్లే. ఆరో అధ్యాయం పంపను.

దేవసహాయం

*

హిందూపురం,
3 డిసెంబరు 2024.

దేవసహాయం,

అడిగావు కనుక చెబుతున్నాను.

ఆరు, ఐదు కాదు. పది, ఒకటి.

ఓట్లు లెక్కపెట్టింది అన్నయ్యా నేనూ. అంగడి వెనక, బట్టల బేళ్లు పెట్టే గదిలో. పదకొండు చీటీల్లో పది శ్రీనాథ్‌వి. ఒక్కదాని మీద నీ పేరు. అన్నయ్య ఆ చీటీలు మళ్లీ ఒకసారి లెక్కపెట్టాడు. “వీడు తట్టుకోలేడు. ఐదన్నా లేకుంటే బతకడు” అన్నాడు. ఐదు అని నువ్వు పదేళ్లుగా గుండెకు హత్తుకున్న అంకె అలా పుట్టింది. మొహమాటం మొదటి సంకెల అని ప్రతి సభలో చెప్పిన మనిషి నీ ముఖం చూసి మొహమాటపడ్డాడు. నేను వద్దనలేదు. ఇద్దరం బయటికి వచ్చాం, ఆయన చదివాడు.

ఓటు వేసిన ప్రతివాడికీ తన చీటీ సంగతే తెలుసు కనుక ఎవరికీ అనుమానం రాలేదు. నీ వైపు చూసి తల ఊపిన ఆ పదిమంది నీకు వెయ్యనివాళ్లు. మనిషికి వెయ్యనప్పుడు తల ఊపడం తేలిక.

ఆ ఒక్క చీటీ ఎవరిదో నాకు తెలుసు. మీ ఇద్దరికీ అక్షరాలు దిద్దించింది నేనే. నీకు పెనుకొండలో, అతనికి ఆ తర్వాత ధర్మవరంలో. నలభై ఏళ్ల వయసులో పలక పట్టినవాడి రాత వేయిమందిలో ఉన్నా గుర్తుపడతాను. అది మారెప్పది.

నువ్వు అతణ్ణి నిలబెట్టి ఇడ్లీ పొట్లాల గురించి మాట్లాడుతుంటే నేను మూడో కుర్చీలో ఉన్నాను. అన్నయ్య టీ తాగుతున్నాడు. మేం నోరు తెరిస్తే మా అబద్ధం బయటపడుతుంది. తెరవలేదు. ఇరవై ఐదు నిమిషాలు.

మిగిలిన పదింటిలో ఒకటి నాది. అది కూడా అడుగుతావు కనుక ముందే చెప్పాను.

రాజేశ్వరి

*

పెనుకొండ,
12 డిసెంబరు 2024.

రాజేశ్వరి గారికి,

ఉత్తరం అందింది. నా భార్యకు చూపలేదు.

ఎనిమిది రోజులు ఆలోచించాను. ఇప్పుడు అంతా స్పష్టంగా ఉంది. నా తల్లి రోడ్డు పనిలో కంకర మోసింది. నా తండ్రి చర్చిలో గంట కొట్టేవాడు. ఆ పదిమందిలో ఏడుగురు మీ అంగళ్ల వీధివారు. సభ్యత్వ పుస్తకంలో కులం గడి తీసేశారు. తీసేసి ఎక్కడ పెట్టుకున్నారో ఆ పది చీటీలే చెబుతున్నాయి. ఆదివారం నేను గుడ్డసంచిలో బైబిలు పెట్టుకొని సమావేశానికి వస్తే మీ వారి చూపు ఎలా ఉండేదో నాకు గుర్తుంది.

ఐదో అధ్యాయం మళ్లీ రాస్తాను. పార్టీని చంపింది మారెప్ప కాదు, కులం. పది, ఒకటి అన్న అంకెలు వేసి, కారణం అదేనని రాస్తాను. ఈ రాష్ట్రంలో స్వేచ్ఛ గురించి మాట్లాడేవారంతా చదవవలసిన అధ్యాయం అవుతుంది.

మారెప్పకు క్షమాపణ చెప్పుకొంటాను. అది నా బాధ్యత.

దేవసహాయం

*

హిందూపురం,
18 డిసెంబరు 2024.

దేవసహాయం గారికి,

మీ ఉత్తరంలో బాధకన్నా ఊరట ఎక్కువ కనిపించింది. కారణం దొరికింది, తల ఎత్తుకొని తిరగవచ్చు, అధ్యాయం కూడా గొప్పగా వస్తుంది. ఆ ఊరట కూడా మీకు ఉంచాలనే ఉంది. కానీ తొమ్మిదో నియమం తెరిచింది మీరు.

ఆ పదిమందిలో ఇద్దరి గురించి నేను ప్రమాణం చేయలేను. వాళ్ల మనసులో మీరన్నదే ఉండి ఉండవచ్చు. మిగిలిన ఎనిమిదిమందికి మీ కులంతో పని లేదు. మీరంటే ఇష్టం లేదు. అంతే.

రొద్దంలో ఒక ముసలామె తన పొలానికి దారి లేదని ఏడుస్తూ చెప్పుకుంటుంటే, “విషయానికి రండి” అని ఆపారు. ఆమె చెంగుతో ముఖం తుడుచుకొని లేచి వెళ్లిపోయింది. వచ్చిన పన్నెండుమందిలో మనవాళ్లు కాని ముగ్గురిలో ఆమె ఒకతె. కార్యవర్గంలోని దేవప్ప ఒక సమావేశానికి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే మూడు పేజీల సంజాయిషీ నోటీసు పంపారు. అతని తల్లి ఆసుపత్రిలో ఉందని మీకు చెప్పడానికి కూడా అతనికి మనసు రాలేదు. మీరు మెట్లెక్కుతున్న చప్పుడు వింటే గదిలో నవ్వుతున్నవాళ్లు నవ్వు ఆపేవాళ్లు. శ్రీనాథ్ అబద్ధాలకోరని అందరికీ తెలుసు. అయినా అతనితో ఇరవై రోజులు జీపులో తిరగవచ్చు. మీతో తిరగాలని ఎవరికీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

ఇందులో నా వాటా నాకుంది. నా రాత్రిబడి నుంచి డిగ్రీ దాకా పోయింది మీరొక్కరే. తప్పు లేకుండా రాస్తారని, తప్పు లేకుండా మాట్లాడతారని నలుగురిలో పొగిడాను. ఆ పొగడ్తే మిమ్మల్ని ఇంత బిగదీసిందని ఎంతోకాలానికి గాని తెలియలేదు.

పదీ ఒకటీ అచ్చు వేయాలంటే వేయండి. నేను అడ్డుపడను. అన్నయ్య పరువు, నా పరువు పోయినా ఫర్వాలేదు. కానీ ముందు ధర్మవరం వెళ్లి రండి. ఆ ఒకటి ఎవరిదో లోకానికి చెప్పే ముందు అతణ్ణి అడగండి.

రాజేశ్వరి

*

పెనుకొండ,
6 జనవరి 2025.

రాజేశ్వరి గారికి,

మీ ఎనిమిదిమంది సంగతిని నేను ఒప్పుకోవడం లేదు. కాదనడమూ లేదు. నిన్న ధర్మవరంలో జరిగినది జరిగినట్లు రాస్తున్నాను.

మారెప్ప పాత ఇంట్లో లేడు. రైలు గేటు అవతల రెండు గదుల కొత్త ఇంట్లో ఉన్నాడు. మగ్గం లేదు. తలుపు తీసింది సుంకమ్మ. నన్ను గుర్తుపట్టడానికి ఆమెకు క్షణం పట్టలేదు.

“ఓహో, కార్యదర్శి సారు. ఇన్నేండ్లకి దోవ తెలిసిందా? రా, లోపలికి రా. ఇప్పుడు మా ఇంట్లో కుర్చీ ఉండాది.”

కూచున్నాను. ఆమె గోడకు ఆనుకొని నిలబడి, నేను అడగకుండానే చెప్పింది. మగ్గం అమ్ముకున్న ఏడాదికి శ్రీనాథ్ గారు పెద్ద పార్టీలో చేరి ధర్మవరం వచ్చారట. జనంలో మారెప్పను వెతికి పిలిపించుకొని, భుజం మీద చెయ్యి వేశారట. నీ ఒక్క ఓటుతో గెలిచాను, అందుకు నువ్వు పడిన తిట్లు నా చెవులతో విన్నాను అన్నారట. తన బావమరిది పట్టుచీరల గోడౌనులో కావలి పని ఇప్పించారు. కొడుకు ఆనంద్‌ను తన కారు నడపడానికి పెట్టుకున్నారు. ఈ ఇంటి మంజూరు కాగితం మీద సంతకం పెట్టించిందీ ఆయనే.

“నువ్వు ఆ పొద్దు మా ఇంటాయన్ని అంతమందిలో తిడితివే, ఆ తిట్లే మాకు అన్నం పెట్టినాయి సారూ. నీకు ఓటెయ్యకపోవడం తప్ప ఈయప్ప బతుకులో చేసిన మంచిపని ఇంకోటి లేదు.”

ఆ మాట అంటూ నవ్వింది. మారెప్ప తల వంచుకొని గోరు గిల్లుకుంటున్నాడు. తర్వాత ఆమె టీకి పాలు తేవడానికి అంగడికి వెళ్లింది.

పది, ఒకటి అని అతనికి చెప్పాను. మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పాక నవ్వడం మొదలుపెట్టాడు. చప్పుడు లేకుండా, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. “నేనొక్కన్నేనా? ఇంగా నలుగురు ఉండారని ఇన్నాళ్లు అనుకుంటాండా” అన్నాడు.

ఆనాడు టీ రాకముందే ఎందుకు వెళ్లావని అడిగాను. ప్యాసింజరు రైలుకు టైము అయిందన్నాడు. నేను అన్ని మాటలంటుంటే నిజం ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నిలబడినోడు మాట్లాడకూడదని రూలు రాసింది నువ్వే కదప్పా.”

అంతటితో ఆగవలసింది. ఆగలేదు. నాకు ఎందుకు వేశావు అని అడిగాను. చెప్పడానికి అతను ఇబ్బంది పడ్డాడు. నేను పట్టుబట్టాను.

“ముందునాడు మా ఇంట్లో అన్నం తింటివి. తిన్న మనిషికి ఎయ్యకుంటే ఎట్ల అని మొహమాటానికి ఏస్తి. అంతే. నువ్వు గెలుస్తావనీ కాదు, పెద్ద మంచోడివనీ కాదు.”

క్షమాపణను నేను కాగితం మీద రాసుకొని వెళ్లాను, మాట తడబడకుండా ఉండటానికి. జేబులోంచి తీశాను. అతను వీధి వైపు చూసి, అది లోపల పెట్టుకో, ఆమె వస్తాంది అన్నాడు. పుస్తకంలో నిజం అచ్చు వేస్తామని, తప్పు నాదేనని రాస్తానని చెప్పాను. అప్పుడు అతను లేచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ వయసు మనిషి చేతిలో అంత బలం ఉంటుందనుకోలేదు.

“మా కొంప తీస్తావా? నేను తనకు ఎయ్యలేదని శ్రీనాథ్ సారుకు తెలిస్తే రేప్పొద్దునే గోడౌను తాళాలు అడుగుతాడు. ఆనంద్‌గాని బండి తాళాలు అడుగుతాడు. మా ఆమెకే చెప్పలేదు నేను. ద్రోహం చేసినానని రాయి. ముందు ఎట్ల రాసినావో అట్లనే రాయి. ఇంగా గట్టిగ రాయి. నీకు చేతనవును కదా అది.”

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. మారెప్ప నా చెయ్యి వదిలి, కుర్చీలో వెనక్కి వాలి, ఇల్లంతా వినపడేలా గొంతు పెంచాడు. “ఔ సారూ, మాట తప్పితి. నీకు ఎయ్యలేదు. ఇప్పుడేం చేస్తావు?”

సుంకమ్మ పాల పొట్లం చేత్తో పట్టుకొని నా ముఖంలోకి చూసింది. ఆమె అంత తృప్తిగా ఎవరివైపూ చూడగా నేను చూడలేదు. ఏమీ చేయనని చెప్పాను.

టీ తాగాక, మారెప్ప కోరిక మీద, సంచిలో ఉన్న ఐదో అధ్యాయం తీసి ఆ పేరా ఇద్దరికీ చదివి వినిపించాను. అతను శ్రద్ధగా విన్నాడు. ‘మాట తప్పి’ అన్నచోట ‘కావాలనే మాట తప్పి’ అని ఉంటే ఇంకా బాగుంటుందన్నాడు. చేర్చాను. మారెప్పలు చాలామంది ఉంటారు కనుక తండ్రి పేరు కూడా వెయ్యమన్నాడు. చేర్చాను.

కనుక మీరు పేరాను ఈ ఉత్తరంతో పంపిన ప్రకారమే అచ్చుకు ఇవ్వండి. ఆరు, ఐదు అంకెలు మార్చవద్దు. డిసెంబరు 12న నేను రాస్తానన్న అధ్యాయం రాయడం లేదు. ఈ విషయంలో మీకూ నాకూ మారెప్పకూ తప్ప ఇంకొకరికి ఒక్క ముక్క తెలిసినా ఒక కుటుంబం వీధిన పడుతుందని గమనించగలరు.

ఆవిష్కరణ సభకు మారెప్ప దంపతులు వస్తారు. శ్రీనాథ్ గారి ఎదుట, మైకులో, ఆ పేరాను నా నోటితోనే చదవాలని అతను కోరాడు. గట్టిగా చదవాలన్నాడు.

వస్తాను.

దేవసహాయం